ఇంగ్లీషును వెళ్లగొట్టిన వంద రోజులు

భాషా మంత్రిగారు మైకు దగ్గరికొచ్చి, గొంతు సవరించుకుని, చరిత్ర గుర్తుపెట్టుకోవాల్సిన ప్రకటన చేశారు.

"ఫైనల్‌గా డిసైడ్ చేశాం. హండ్రెడ్ డేస్‌లో మన ఆఫీసుల్లోంచి ఇంగ్లీషుని కంప్లీట్‌గా ఎలిమినేట్ చేస్తాం. ఇది నా పర్సనల్ గ్యారంటీ!"

హాలు దద్దరిల్లింది. మంత్రిగారి పి.ఎ. చెయ్యెత్తి ఉంచినంతసేపూ అధికారులు చప్పట్లు కొట్టారు. దించగానే ఆపేశారు. వెనక స్విచ్చిబోర్డు పక్కన నిలబడ్డ ఒక్క మనిషి మాత్రం పి.ఎ. చెయ్యి వంక చూడకుండా, అరచేతులు ఎర్రబడేదాకా కొట్టింది. ఆవిడే డిక్షనరమ్మ.

అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. ఎవరికీ అవసరం పడలేదు. భాషా శాఖలో మొత్తం నలభైమంది ఉద్యోగులు. తర్జుమా చేసేది డిక్షనరమ్మ ఒక్కతే. మిగిలిన ముప్పై తొమ్మిదిమందీ తర్జుమా సరిగ్గా జరుగుతోందో లేదో పర్యవేక్షిస్తారు. ఎంత శ్రద్ధగా పర్యవేక్షిస్తారంటే, తొమ్మిదేళ్లలో ఆవిడ రాసిన కాగితం ఒక్కటి కూడా శాఖ గడప దాటి బయటికి పోలేదు.

అయినా రాస్తూనే ఉంది. అరవై ఒక్క సర్కారీ ఫారాలను, నోటీసులను, ఒప్పుకోలు పత్రాలను మామూలు జనం మాట్లాడుకునే మాటల్లో రాసిపెట్టి, బీరువాలో కలరా ఉండలు వేసి దాచింది. దానికో కారణముంది. ఆవిడ తండ్రి మిల్లులో పనిచేసేవాడు. ఒకరోజు సెలవు చీటీ అనుకుని ఓ ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టి ఇంటికొచ్చాడు. అది రాజీనామా అని తెల్లారి మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. ఆ తర్వాత ఆయన ఎన్నాళ్లో బతకలేదు. పిన్ని కుట్టు మిషను తొక్కి పిల్లని పెంచింది, చదివించింది. ఆ చదువులో డిక్షనరమ్మ నేర్చుకున్న సారం ఒకటే. కనిపించిన ప్రతివాళ్లకీ అదే చెబుతుంది. చదవకుండా సంతకం పెట్టకండి.

ప్రకటన అయిన మర్నాడే ఆవిడ అరవై ఒక్క ఫారాలూ చంకన పెట్టుకుని పి.ఎ. గదికి వెళ్లింది.

"సార్, వంద రోజులెందుకు? ఇవి ఇవాళే ప్రింటుకి ఇచ్చేయొచ్చు."

పి.ఎ. పైనున్న ఫారం తీసి చదివాడు. మొహం వాడిపోయింది.

"ఇదేంటమ్మా, చదువుతుంటే అర్థమైపోతోంది?"

"అందుకే రాశాను సార్."

"అర్థమైతే సంతకం ఎవడు పెడతాడమ్మా?"

పి.ఎ. దాపరికం తెలియని మనిషి. ఉన్నమాట అనేస్తాడు. "చూడమ్మా, మంత్రిగారు ఇంగ్లీషుని తీసేస్తామన్నారు. జనానికి అర్థమయ్యేలా చేస్తామని ఎక్కడా అనలేదు. కావాలంటే రికార్డింగు విను."

డిక్షనరమ్మ రికార్డింగు విన్నది. నిజమే, అనలేదు.

ఆ మీదట నిపుణుల కమిటీ వేశారు. ఇరవై రోజులు తలుపులేసుకుని కూర్చుని, స్టాప్లరుకి బదులుగా ఓ కొత్త మాట పుట్టించారు: పత్రసంధాన లోహకీలక యంత్రిక. మాట దివ్యంగా ఉంది. కాకపోతే స్టోర్సు చీటీ గడిలో పట్టలేదు. సగం రాసి పంపితే స్టోర్‌కీపరు పత్రసంధానం వరకే చదువుకుని గమ్ము సీసా పంపించాడు. అప్పట్నుంచీ శాఖలో కాగితాలు గమ్ముతో అతికిస్తున్నారు. వరండాలో మాత్రం ఒక బోర్డు పెట్టి, ఇంగ్లీషుకి మిగిలిన రోజులెన్నో రోజూ పొద్దున్నే సుద్దతో దిద్దేవాళ్లు. పనిలో చురుకుదనం లేదని ఎవరూ అనలేరు.

బోర్డు మీద నలభై ఐదు అని ఉన్న రోజున పిన్ని దగ్గర్నుంచి కబురొచ్చింది. ఎవరో సర్కారు వాళ్లొచ్చి కొట్టుకి కాగితం అంటించి పోయారట.

పిన్ని కొట్టు ఉన్న సందులో పదకొండు దుకాణాలు. సైకిళ్లు బాగుచేసేవాడు, తాళాలవాడు, మంగలి, టీ బడ్డీ ఆవిడ, అలా. డిక్షనరమ్మ వెళ్లేసరికి తాళాలవాడు ఆ కాగితం చూసి పింఛను వచ్చిందని అందరికీ చెబుతున్నాడు. మంగలి తన కాగితాన్ని అద్దం మూలకి అంటించుకున్నాడు. దాని మీద ముద్ర గుండ్రంగా, అందంగా ఉందట.

"నీదేది పిన్నీ?"

"కాగితం భలే దళసరిగా ఉందే. కాలరు పాటర్న్ కత్తిరించుకున్నాను."

డిక్షనరమ్మ రెండు కాలర్లనీ, కింద పడ్డ ముక్కలనీ ఏరి మిషను బల్ల మీద పేర్చి చదివింది. చదువుతూ చదువుతూ స్టూలు మీద కూలబడింది.

"ఏమే, ఏముంది?"

"ఈ సందు ఖాళీ చెయ్యాలట పిన్నీ. పదకొండు కొట్లూ కూల్చేస్తారట. నెలన్నర దాటాక విచారణ పెడతారు, అభ్యంతరాలుంటే అక్కడ చెప్పుకోవాలట."

"కూల్చి ఏం చేస్తారట?"

"భాషా భవనం కడతారట. మాతృభాష కోసం. నాలుగు అంతస్తులు. కింద అంతస్తులో షాపింగ్ కాంప్లెక్సు. అది నడిపేది మంత్రిగారి బావమరిది."

పిన్ని కత్తెర పక్కన పెట్టింది. "మాతృభాషకి ఇల్లు కట్టడానికి నా కొట్టు పీకేస్తారా? పీకితే పీకారు, ఆ ముక్కేదో మాతృభాషలో ఏడవచ్చుగా!"

ఆ మాటకి డిక్షనరమ్మ కళ్లు మెరిశాయి. లేచి నిలబడింది. "పిన్నీ, కొట్టు ఎక్కడికీ పోదు! నోటీసు జనం మాట్లాడే భాషలో ఇవ్వకపోతే చెల్లదని చట్టం. ఇది ఇంగ్లీషులో ఇచ్చారు. విచారణ రోజున నువ్వు లేచి, అయ్యా ఇది ఇంగ్లీషు అని ఒక్క ముక్క అను చాలు. కొట్టేస్తారు."

"ఎవర్ని? నన్నా?"

"నోటీసుని!"

"అయితే సరే. ఆ ముక్కలు ఇలా తే, కాలరు ఇంకా అవలేదు."

డిక్షనరమ్మ ముక్కలు ఇవ్వలేదు. గమ్ముతో అతికించి భద్రంగా దాచింది.

బోర్డు మీద ఎనిమిది అని ఉన్న రోజు మంత్రిగారు అర్జెంటు మీటింగు పెట్టారు. వందో రోజున టీవీ వాళ్లని వెంటబెట్టుకొచ్చి ఆఫీసు గోడ గోడా వెతికి ఇంగ్లీషు పట్టుకుంటానని ప్రతిపక్ష నాయకుడు సవాలు విసిరాడు. మంత్రిగారు టెన్షన్‌లో ఉన్నారు.

"వర్డ్ ఇచ్చాం. ఎయిట్ డేస్ ఉంది. ఇప్పటిదాకా ఎంత తీశాం?"

"స్టాప్లరు సార్," అన్నాడు పి.ఎ.

"తీశామా?"

"తీశాం సార్. గమ్ము వాడుతున్నాం."

"గమ్ము ఏ భాష?"

ఫైళ్లు అందించడానికి నిలబడ్డ డిక్షనరమ్మే నోరు విప్పింది.

"ఈజిప్టుది సార్. గ్రీకుల మీదుగా వచ్చింది."

"ఇంగ్లీషు కాదా?"

"కాదు సార్."

తొంభై రెండు రోజుల్నుంచి ఆపుకున్నదంతా ఆవిడ అప్పుడు అనేసింది. "ఇంగ్లీషులో చాలా మటుకు బయటివే సార్. ఈ టేబులు లాటిన్ది. మీరు కూర్చున్న చెయిరు గ్రీకుది. కాఫీ అరబ్బులది, టీ చైనాది, టికెట్టు ఫ్రెంచివాళ్లది, బాసు డచ్చివాళ్లది. వాళ్లు సిగ్గుపడకుండా నలుగురి దగ్గరా తెచ్చుకున్నారు, పెద్ద భాషైపోయింది. మాటలతో మనకి పేచీ ఏముంది సార్? జనం బస్సుని బస్సు అననివ్వండి. మనం మార్చాల్సింది మాటని కాదు, వాక్యాన్ని! చదివినవాడికి బుర్ర తిరిగిపోయేలా రాసే ఆ వాక్యాన్ని..."

మంత్రిగారు చెయ్యెత్తారు. "ఆగమ్మా. బస్సు ఎవరిది?"

"లాటిన్ది సార్. అందరి కోసం అని అర్థం."

"మినిస్టరు?"

"అదీ లాటినే సార్. నౌకరు అని అర్థం."

పి.ఎ. మెల్లిగా వంగి, మినిట్స్ రాస్తున్న గుమాస్తా చెవిలో, "ఆ వరస కొట్టెయ్యి," అన్నాడు.

మంత్రిగారికి కోపం రాలేదు. పెద్దవాళ్ల బుర్రలు అలాగే పనిచేస్తాయి, మనం చిన్న సంగతి దగ్గర ఆగిపోయే చోట వాళ్లు దేశం మొత్తాన్నీ చూస్తారు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, మెల్లమెల్లగా చిరునవ్వు నవ్వారు.

"అంటే, ఇంగ్లీషులో ఇంగ్లీషే లేదా?"

"అంత మాట కాదు సార్, నేననేది..."

"లేనిదాన్ని ఎలిమినేట్ చెయ్యలేక నైంటీ టూ డేస్ వేస్ట్ చేశామయ్యా! రాసుకో పి.ఎ. ప్రతి మాటకీ ఒరిజినల్ ఓనర్ ఎవరో పట్టుకోవాలి. రిజిస్టర్ పెట్టాలి. స్టాంప్ కొట్టాలి. ఏ మాట ఏ దేశానిదో తేలిందంటే, అది ఇంగ్లీషు కాదన్నమాటే!"

అలా మూలాల రిజిస్టరు పుట్టింది.

భాషా శాఖకి అంత పని ఎన్నడూ తగల్లేదు. ముప్పై తొమ్మిదిమంది పర్యవేక్షకులకీ దేశానికొకటి చొప్పున రబ్బరు స్టాంపులిచ్చారు. ఒకాయన ఫ్రెంచి, ఒకాయన లాటిన్, ఒకాయన అరబ్బు. డిక్షనరమ్మ ఫైళ్లలోంచి మాట చదివి మూలం చెబుతుంది, రాసుకుంటుంది. ఆ దేశం ఆయన లేచి దబ్బున ముద్ర గుద్దుతాడు. ఫ్రెంచి ఆయనకి మూడో రోజుకి భుజం జారింది. సెలవు పెడితే పక్క దేశం వాళ్లు ఆదుకున్నారు. కిటికీకి కూడా చీటీ అంటించారు. విండో అన్న మాట ఉత్తరాది సముద్రపు దొంగలదట, గాలి కన్ను అని అర్థమట. ఆ దొంగల దగ్గర్నుంచే లా అన్న మాట కూడా వచ్చిందని తేలేసరికి న్యాయ శాఖ వాళ్లు రుజువులు చూపించమని ఉత్తరం రాశారు. చూపించారు. చూసి, తమకి అభ్యంతరం లేదన్నారు.

మధ్యలో ఒక్క చిక్కు వచ్చింది. అటెండరు ఎవరి కాలో తొక్కి "సారీ" అన్నాడు. వెతికి చూస్తే ఆ మాట పచ్చి ఇంగ్లీషుది, ఎక్కడినుంచీ రాలేదు. అతనికి మెమో ఇచ్చారు. సర్కారులో ఎవరూ ఎవరికీ సారీ చెప్పరాదని సర్క్యులరు వేశారు. దీనివల్ల పరిపాలనకి ఏ ఇబ్బందీ కలగలేదు. ఆ మాట అక్కడ అంతకుముందు కూడా పెద్దగా వాడుకలో లేదు.

రెండు రోజులు మిగిలాయనగా డిక్షనరమ్మ లెక్క తేల్చింది. సారీ లాంటివే రెండొందల పన్నెండు మాటలు ఎవరికీ చెందకుండా మిగిలిపోయాయి.

"ఏంటమ్మా అవి?" అడిగారు మంత్రిగారు.

"చిన్న చిన్న మాటలు సార్. యు, ఐ, మదర్, హౌస్, బ్రెడ్, వాటర్, హ్యాండ్, వర్క్. పెద్ద పెద్ద మాటలన్నీ బయటినుంచి వచ్చిన దొరలవి. ఊళ్లో వాళ్లవి ఇవే."

"ఈ చిన్నవాళ్లతో ఎప్పుడూ ప్రాబ్లమే," అన్నారు మంత్రిగారు బాధగా.

పి.ఎ. గడ్డం గోక్కున్నాడు. "అమ్మా, అసలు ఈ ఇంగ్లీషోళ్లు ఎక్కడివాళ్లు? మొదట్నుంచీ అక్కడివాళ్లేనా?"

డిక్షనరమ్మకి ఆరు రోజుల్నుంచి సరిగ్గా నిద్ర లేదు. "ఎక్కడ సార్! వాళ్లూ పడవలెక్కి అవతలి ఒడ్డు నుంచి వచ్చినవాళ్లే. ఇప్పటి జర్మనీ వైపు నుంచి," అనేసింది.

రెండొందల పన్నెండింటికీ జర్మనీ ముద్ర పడింది. మిగిలింది సున్న.

ఆ మధ్యాహ్నం పి.ఎ. స్వయంగా డిక్షనరమ్మ బల్ల దగ్గరికొచ్చాడు. ఆవిడ లేవబోతే కూర్చోమన్నాడు. ఒక ధ్రువపత్రం ముందు పెట్టాడు. దానికి జతచేసిన జాబితాలోని పత్రాలు వేటిలోనూ ఇంగ్లీషు మాట ఒక్కటి కూడా లేదని తర్జుమా నిపుణురాలు ధ్రువీకరిస్తున్నట్టు అందులో ఉంది. దాని పక్కనే ఇంకో కాగితం పెట్టాడు. అరవై ఒక్క ఫారాలనూ ప్రింటు చేయించాలన్న ఉత్తర్వు. మంత్రిగారి సంతకం కోసం కింద చోటు ఖాళీగా ఉంది.

"ఇక్కడ మీరు పెడితే అక్కడ ఆయన పెడతారు," అన్నాడు.

"ఈ జాబితా చదవొచ్చా సార్?" అంది డిక్షనరమ్మ. జాబితా ఇటుకంత లావుంది. మూడొందల పన్నెండు పేజీలు, చీమతలల్లాంటి అక్షరాలు.

"నిక్షేపంలా చదవండి. వారం పడుతుంది. ఎల్లుండికి వంద రోజులు. అక్కడ మంత్రిగారు పెన్ను మూత పెట్టబోతున్నారు."

డిక్షనరమ్మ బీరువా వంక చూసింది. తొమ్మిదేళ్లు. మొదటి పేజీ చదివింది, స్టోర్సు చీటీలు. రెండో పేజీ చదివింది, అవీ స్టోర్సు చీటీలే. మూడో పేజీ తిప్పలేదు. సంతకం పెట్టింది.

వందో రోజు విజయోత్సవం కన్నులపండుగగా జరిగింది. ప్రతిపక్ష నాయకుడు టీవీ కెమెరాలతో వచ్చి గోడ మీద "ఆఫీసర్" అన్న మాటని వేలెట్టి చూపించాడు. "ఫ్రెంచి!" అని పర్యవేక్షకులు ముక్తకంఠంతో అరిచారు. "లిఫ్టు?" అన్నాడు. "సముద్రపు దొంగలు!" అన్నారు. ఆయన పదిహేను మాటలు ప్రయత్నించి, నీళ్లు తాగి వెళ్లిపోయాడు.

"జీరో ఇంగ్లీష్! టోటల్ సక్సెస్!" అని మంత్రిగారు మైకులో గర్జించారు. "మళ్లీ ఇంగ్లీషు దొడ్డిదారిన రాకుండా స్ట్రిక్ట్ ఆర్డర్ ఇస్తున్నా. టుడే నుంచి ఏ పేపర్ మీదైనా సరే, ఆఖరికి పబ్లిక్ ఇచ్చే అర్జీ మీదైనా సరే, మన రిజిస్టర్‌లో లేని వర్డ్ ఉండడానికి వీల్లేదు!"

పి.ఎ. చెయ్యెత్తాడు. డిక్షనరమ్మ కూడా కొట్టింది. అరవై ఒక్క ఫారాలూ ఆ పొద్దున్నే ప్రెస్సుకి వెళ్లాయి మరి.

మూడో రోజున విచారణ. డిక్షనరమ్మ సెలవు పెట్టి పిన్నితో వెళ్లింది. బయల్దేరబోతుంటే ప్రెస్సు నుంచి ఫారాల కట్ట తిరిగొచ్చింది. పైన "రిజిస్టరు ప్రకారం లేవు" అని రాసి ఉంది. అదేమిటో తర్వాత కనుక్కుందామని కట్టని చంకలో పెట్టుకుని బస్సెక్కింది.

విచారణాధికారి బట్టతల, సౌమ్యుడు, నిబంధన అంటే ప్రాణం పెట్టే మనిషి. పదకొండుమందీ బెంచీల మీద సర్దుకున్నారు. పిన్ని నేర్చుకున్న ముక్క మర్చిపోకుండా లేచి నిలబడింది.

"అయ్యా, ఈ నోటీసు ఇంగ్లీషులో ఉంది. చెల్లదు."

"ఇంగ్లీషు కాదమ్మా," అన్నాడు అధికారి తలెత్తకుండా.

"అదేంటయ్యా?"

"చూడండి. నోటీసు, ఫ్రెంచి. వెకేట్, లాటిన్. డెమాలిషన్, అదీ లాటిన్. యు, జర్మనీ. షాప్, జర్మనీ. ధ్రువపత్రం కూడా ఉంది. జాబితాలో రెండొందల నలభయ్యో పేజీ, మీ పదకొండు నోటీసులూ ఉన్నాయి. ఇదిగో నిపుణురాలి సంతకం."

కాగితం ఇటు తిప్పి చూపించాడు. పిన్నికి చదువు రాదు. ఆ సంతకం మాత్రం తెలుసు. చిన్నప్పుడు ఆ పిల్ల దర్జీ సుద్దతో గుడ్డ ముక్కల మీద పిన్ని కళ్ల ముందే దాన్ని దిద్ది దిద్ది నేర్చుకుంది.

పిన్ని గొంతు తగ్గించింది. "నువ్వేనటే?"

"పిన్నీ, ఫారాలు అచ్చు వేస్తామన్నారు..."

"చదివావా పెట్టేముందు?"

డిక్షనరమ్మ చంకలోని ఫారాల కట్టని బెంచీ మీద పెట్టింది.

"మీ నాన్న ఒక్క కాగితమే చదవకుండా పెట్టాడు. నువ్వు మూడొందల కాగితాలు చదవకుండా పెట్టావు. చదువుకున్నదానివి మరి!"

ఆ మాట డిక్షనరమ్మకి చెంప మీద తగిలినట్టే తగిలింది. లేచింది. సంచీలోంచి తెల్ల కాగితం తీసి నిలబడే అర్జీ రాసింది. "మేము ఈ సందులో ముప్పై ఏళ్లుగా పని చేసుకుని బతుకుతున్నాం. మా కొట్లు కూల్చకండి. మేము ఒప్పుకోము." అంతే. పదకొండుమందికీ చదివి వినిపించింది, అధికారికి ఇచ్చింది.

అధికారి రిజిస్టరు తెరిచి, ఒక్కో మాట మీదా పెన్సిలు పెట్టి వెతికాడు. "కొట్లు... లేదు. పని... లేదు. బతుకు... లేదు. మేము... లేదు."

"మేము కూడా లేదా సార్?"

"లేదమ్మా. ఇది ఏ భాష?"

"మన భాషే సార్! ఇప్పుడు మీరు మాట్లాడుతున్నది!"

"మాట్లాడ్డానికి నిబంధన ఏమీ లేదు. రాయడానికే ఉంది. రిజిస్టరులో లేని మాటలున్న కాగితం నేను ముట్టుకోకూడదు." ఆయన నిజంగానే బాధపడ్డాడు. పేజీలు తిప్పుకుంటూ చివరికి వెళ్లాడు. "ఉండండుండండి. మన భాషకి కూడా ఒక పేజీ ఉంది."

అందరూ ముందుకి వంగారు. పేజీ నిండా తెలుపు. పైన ఒకే ఒక్క మాట, దాని మీద ముద్ర. ఆరోగ్య శాఖ వాళ్ల ఎలుకల నిర్మూలన ఫైల్లోంచి ఐదో రోజున దిగుమతైన మాట అది. బాండికూట్. మన దగ్గర్నుంచే ఇంగ్లీషులోకి పోయిందని డిక్షనరమ్మే చెప్పి, మన మాటని పక్కనే రాసింది. అప్పటికి ఆవిడకి నవ్వే ఓపిక కూడా లేదు.

"పందికొక్కు," అని చదివాడు అధికారి. "ఈ మాటతో అర్జీ రాస్తే తీసుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు."

మంగలి ఒకసారి దగ్గాడు. పిన్ని డిక్షనరమ్మ మోచెయ్యి పొడిచింది.

"రాయి."

"పిన్నీ..."

"రాయవే. పెద్ద అక్షరాలతో రాయి."

రాసింది. దాని కింద ఆరుగురు సంతకాలు పెట్టారు, ఐదుగురు వేలిముద్రలు వేశారు. ముద్ర వేసేముందు ప్రతి ఒక్కరూ చదివించుకుని మరీ వేశారు. టీ బడ్డీ ఆవిడ రెండుసార్లు చదివించుకుంది, బాగుందని.

అధికారి అక్షరం అక్షరం రిజిస్టరుతో సరిచూశాడు. ఒత్తు కూడా సరిపోయింది. దబ్బున స్టాంపు కొట్టాడు. "తీసుకున్నాను. ఇది ఎవరిని ఉద్దేశించిందో వాళ్లు రాతపూర్వకంగా జవాబివ్వాలి. అప్పటిదాకా కొట్ల జోలికి ఎవరూ రాకూడదు. ఎవరికి పంపమంటారు?"

"పేరు రాయడానికి మాటలు లేవుగా సార్," అన్నాడు మంగలి. "పైకి పంపండి. ఎవరిదైతే వాళ్లే ఆపుకుంటారు."

సర్కారులో ఏ ఫైలూ అంత వేగంగా కదిలిన దాఖలా లేదు. ఫైలు మీద అధికారులు రాసుకునే ముక్కలకి రిజిస్టరు వర్తించదని విచారణాధికారే ఓ నిబంధన వెతికి పట్టుకున్నాడు. విచారణాధికారి "నన్ను ఉద్దేశించినది కాదు" అని రాసి కమిషనరుకి పంపాడు. కమిషనరు పది నిమిషాల్లో "నేను కాను" అని రాసి ఇంజనీరుకి తోశాడు. ఇంజనీరు "నా స్థాయి అంత లేదు" అని వినయంగా రాసి కార్యదర్శికి పంపాడు. "నాకంటే అర్హులు పైన ఉన్నారు" అన్నాడు కార్యదర్శి. మంత్రిగారి బావమరిదికి ఆ ఫైలు ఎవరూ పంపలేదు. అయినా ఆయన "అది నేను కాదు" అని రిజిస్టర్డ్ పోస్టులో జవాబు పంపాడు. దాన్ని కూడా ఫైల్లో పెట్టారు.

ఆఖరికి అది మంత్రిగారి బల్ల మీద ఆగింది. ఆయన చదివారు. అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"ఇది ఎవరి గురించి?"

పి.ఎ. గాలి కన్నులోంచి బయటికి చూస్తూ, "మాట మాత్రం రిజిస్టరులోదే సార్," అన్నాడు.

"నేను కాదని రాస్తే?"

"అందరూ అదే రాశారు సార్. మీరూ అదే రాస్తే, ఇంకెవరు మిగిలారని టీవీ వాళ్లు అడుగుతారు."

"అవునని రాస్తే?"

పి.ఎ. పెన్ను మూత తీసి ముందు పెట్టాడు. మంత్రిగారు అందుకున్నారు. అనుభవమున్న నాయకుడు. ఆకుపచ్చ సిరాతో, నిబ్బరంగా, ఇలా రాశారు: "చూశాను. ఇది నన్ను ఉద్దేశించినదే అనుకుంటే, తగిన ఆధారాలు జతచేసి తిరిగి పంపవలెను."

శుక్రవారం ఆ కాగితం పిన్ని కొట్టుకొచ్చింది. డిక్షనరమ్మ దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివింది. వెనక్కి తిప్పి చదివింది. ముద్ర చుట్టూ ఉన్న గుండ్రటి అక్షరాలు కూడా చదివింది. అప్పుడు సందులో అందరికీ వినపడేలా పైకి చదివింది.

మర్నాడు పొద్దున్న పిన్ని షట్టరు ఎత్తేసరికి బయట వరుస ఉంది. సందులోవాళ్లే కాదు. మూల మీద ఆస్పత్రి దాకా ఉంది వరుస. ఎవరి చేతిలో చూసినా కాగితమే. మడతలు పడి చిరుగులు పట్టినవి, ప్లాస్టిక్ కవర్లలో దాచుకున్నవి, చమురంటినవి. డిక్షనరమ్మ స్టూలు వేసుకుని ఒక్కొక్కటీ చదివి వినిపించి, మంత్రిగారు అడిగిన ఆధారాల కట్టలో చేర్చడం మొదలుపెట్టింది. పది గంటలకల్లా కట్టకి ట్యాగు పట్టలేదు. గమ్ము సీసా అయిపోయింది.

పిన్ని మిషను మీదున్న చొక్కా తీసి పక్కన పెట్టింది. పద్నాలుగో నెంబరు సూది ఊడదీసి, డేరా గుడ్డలు కుట్టే పద్దెనిమిదో నెంబరు సూది బిగించింది.

"ఊఁ, ఇటివ్వు," అంది.